శరీర బరువు – రొమ్ము క్యాన్సర్

శరీర బరువుకూ రొమ్ము క్యాన్సర్‌కూ ఉన్న సంబంధం స్త్రీ వయసును బట్టి తలకిందులవుతుంది. ముట్లుడిగిన తర్వాత లావుగా ఉన్నవారికి ఈ జబ్బు వచ్చే అవకాశం ఎక్కువ. ఇంకా ముట్లు వస్తున్న వయసులో లావుగా ఉన్నవారికి, కనీసం ఐరోపా, అమెరికా స్త్రీలలో చూస్తే, ఆ అవకాశం కాస్త తక్కువ. పొగాకుకూ ఊపిరితిత్తుల క్యాన్సర్‌కూ ఉన్న సంబంధాన్ని ఒక్క వాక్యంలో చెప్పేయవచ్చు. ఇక్కడ అలా కుదరదు. ఎన్ని కిలోలో తెలిస్తే చాలదు. ఆ కిలోలు ఏ వయసులో పెరిగాయి, ఒంట్లో ఎక్కడ చేరాయి, వచ్చిన కణితి ఏ రకానిది అన్నవీ తెలియాలి. బరువు గురించి వాట్సాప్‌లో తిరిగే సలహాలు ఈ తేడాలను సాధారణంగా పట్టించుకోవు.

ముట్లుడిగాక ఈస్ట్రోజెన్ ఎక్కడి నుంచి వస్తుంది?

గ్లాస్గో నగరంలో జార్జ్ బీట్సన్ అనే సర్జన్, రొమ్ము క్యాన్సర్ బాగా ముదిరిపోయిన యువతులకు అండాశయాలు తొలగించి చూశాడు. కొందరిలో కణితులు కరిగి చిన్నవయ్యాయి. 1896లో లాన్సెట్ పత్రికలో ఆయన ఈ సంగతి ప్రకటించే నాటికి హార్మోన్ అన్న మాటే పుట్టలేదు. పాలిచ్చే ప్రక్రియను అధ్యయనం చేస్తూ, రొమ్ముకూ అండాశయానికీ ఏదో లంకె ఉందని ఊహించి ఆయన ఈ పని చేశాడు. అండాశయం నుంచి వచ్చే ఆ పదార్థాన్ని 1923లో అమెరికాలో ఎడ్గర్ ఆలెన్, ఎడ్వర్డ్ డోయిజీ పట్టుకున్నారు. తర్వాత దానికి ఈస్ట్రోజెన్ అని పేరు వచ్చింది.

బీట్సన్ కనిపెట్టినది నిజమే అయితే ఒక చిక్కు మిగులుతుంది. యాభై ఏళ్లు దాటేసరికి అండాశయాలు ఈస్ట్రోజెన్ తయారుచేయడం దాదాపు మానేస్తాయి. ఆ తర్వాత రొమ్ము క్యాన్సర్ తగ్గిపోవాలి. కానీ పాశ్చాత్య దేశాల్లో ఎక్కువ కేసులు వచ్చేది సరిగ్గా ఆ తర్వాతే. ముట్లుడిగిన స్త్రీలలో ఈ జబ్బుకు అతిపోషణతో సంబంధం ఉండవచ్చని నెదర్లాండ్స్‌లో ఎఫ్. డి వార్డ్ 1960లలోనే వాదించాడు. దానికి రసాయనిక ఆధారం 1970లలో అమెరికాలో పెంటీ సిటేరి, పాల్ మెక్‌డొనాల్డ్ చేసిన పరిశోధనల్లో దొరికింది. ముట్లుడిగిన స్త్రీ ఒంట్లో ఈస్ట్రోజెన్ ప్రధానంగా కొవ్వులో తయారవుతుందని వారు చూపించారు.

ఆ తయారీ ఇలా జరుగుతుంది. మూత్రపిండాల పైన కూర్చుని ఉండే అడ్రినల్ గ్రంథులు ఆండ్రోస్టెనిడయోన్ అనే హార్మోన్‌ను వయసు మళ్లాక కూడా విడుదల చేస్తూనే ఉంటాయి. ఇది పురుష హార్మోన్ల కుటుంబానికి చెందినది. కొవ్వు కణజాలంలో ఆరోమటేజ్ అనే ఎంజైమ్ ఉంటుంది. అది ఈ పురుష హార్మోన్‌ను ఈస్ట్రోన్‌గా మారుస్తుంది. ఈస్ట్రోన్ నుంచి మరింత శక్తిమంతమైన ఈస్ట్రడయోల్ పుడుతుంది. కొవ్వు ఎంత ఎక్కువుంటే ఆరోమటేజ్ అంత ఎక్కువ, ఈస్ట్రోజెన్ కూడా అంత ఎక్కువ. రొమ్ము చాలావరకు కొవ్వుతో నిండిన అవయవం కాబట్టి ఈ మార్పు రొమ్ములోనే, పాల నాళాల పక్కనే జరిగిపోతుంది. ముట్లుడిగిన స్త్రీ రక్తంలో ఈస్ట్రోజెన్ చాలా తక్కువగా కనిపించినా, రొమ్ము కణజాలంలో దాని గాఢత అంతకు ఎన్నో రెట్లు ఉండేది ఇందువల్లే. మగవారిలో వచ్చే రొమ్ము క్యాన్సర్ మొత్తంలో ఒక శాతం లోపే. వారిలోనూ ఊబకాయం ముప్పును పెంచడానికి కారణం ఇదే మార్పిడి.

లావు మరో దారిలో కూడా ఈస్ట్రోజెన్ పనిని పెంచుతుంది. కాలేయం తయారుచేసే ఒక ప్రోటీన్ రక్తంలో లైంగిక హార్మోన్లను పట్టి ఉంచుతుంది. పట్టుబడిన హార్మోన్ కణాల మీద పనిచేయలేదు. విడిగా తిరిగేదే పనిచేస్తుంది. పొట్ట చుట్టూ కొవ్వు పెరిగినవారి రక్తంలో ఇన్సులిన్ ఎక్కువగా ఉంటుంది, ఎక్కువైన ఇన్సులిన్ కాలేయంలో ఆ ప్రోటీన్ తయారీని తగ్గిస్తుంది. ఫలితంగా విడి ఈస్ట్రడయోల్ వాటా పెరుగుతుంది.

ఇదంతా నిజంగానే క్యాన్సర్ దాకా తీసుకుపోతుందా అన్న ప్రశ్నకు 2003లో గట్టి జవాబు వచ్చింది. ముట్లుడిగిన స్త్రీల రక్తం ముందుగానే సేకరించి, ఏళ్ల తరబడి వారిని గమనించిన ఎనిమిది అధ్యయనాలను ఒకచోట చేర్చి లెక్కకట్టారు. బాడీ మాస్ ఇండెక్స్, అంటే బీఎంఐ, 5 పెరిగితే రొమ్ము క్యాన్సర్ ముప్పు 19 శాతం పెరిగినట్టు తేలింది. విడి ఈస్ట్రడయోల్ తేడాలను సరిచేసి మళ్లీ లెక్క వేస్తే ఆ 19 శాతం కాస్తా 2 శాతానికి పడిపోయింది. అంటే లావు చేసే కీడులో దాదాపు అంతా ఈ హార్మోన్ ద్వారానే జరుగుతోందన్నమాట. మందుల వైపు నుంచి కూడా ఇదే రుజువవుతుంది. ముట్లుడిగిన రోగులకు డాక్టర్లు రాసే లెట్రోజోల్, అనస్ట్రోజోల్ మాత్రలు చేసేది ఆరోమటేజ్‌ను అడ్డుకోవడమే. కొవ్వులో తయారయ్యే ఈస్ట్రోజెన్‌కు ప్రాముఖ్యం లేకపోతే ఈ మాత్రలకు పనే ఉండేది కాదు.

ఈస్ట్రోజెన్ రొమ్ము కణంలోని గ్రాహకానికి అతుక్కుని, ఆ కణాన్ని విభజన వైపు నడిపిస్తుంది. విభజన జరిగిన ప్రతిసారీ డీఎన్ఏను మళ్లీ రాసుకోవాలి, రాసేటప్పుడు తప్పులు దొర్లుతాయి, కొన్ని తప్పులు మిగిలిపోతాయి. అందుకే ముట్లుడిగాక బరువుతో ముడిపడి వచ్చే కణితుల్లో ఎక్కువ భాగం ఈస్ట్రోజెన్ గ్రాహకాలున్న రకం, డాక్టర్ల రిపోర్టుల్లో ఈఆర్ పాజిటివ్ అని కనిపించేది. ఈ రకానికి హార్మోన్ మందులు పనిచేస్తాయి.

ఈస్ట్రోజెన్ ఒక్కదాని మీదే కథ ఆగదు. కొవ్వు కణజాలం ఊరికే నూనె దాచుకునే చోటు కాదు, అది లెప్టిన్, అడిపోనెక్టిన్ వంటి హార్మోన్లను విడుదల చేసే పెద్ద గ్రంథి కూడా. లావు పెరిగేకొద్దీ కణాల పెరుగుదలను ప్రోత్సహించే లెప్టిన్ ఎక్కువవుతుంది, దానికి పగ్గం వేసే అడిపోనెక్టిన్ తగ్గుతుంది. ఇన్సులిన్ కూడా స్వయంగా కణ విభజనను ప్రేరేపిస్తుంది. మితిమీరి ఉబ్బిన కొవ్వు కణాలు చనిపోయినప్పుడు వాటి చుట్టూ మాక్రోఫేజ్‌లనే రక్షక కణాలు వలయంగా చేరుతాయి. సూక్ష్మదర్శినిలో కిరీటంలా కనిపించే ఈ గుంపులను ఊబకాయం ఉన్న స్త్రీల రొమ్ముల్లో 2011లో గుర్తించారు. అక్కడ పుట్టే వాపు రసాయనాలు పక్కనే ఉన్న ఆరోమటేజ్‌ను మరింత చురుకు చేస్తాయి. చివరికి ఈ దారి కూడా ఈస్ట్రోజెన్ దగ్గరికే చేరుతోంది.

పడుచు వయసులో ఎదురుతిరిగే లెక్క

ముట్లుడగని స్త్రీలలో ఈస్ట్రోజెన్ ప్రధానంగా అండాశయాల నుంచే వస్తుంది. దాని పక్కన కొవ్వులో తయారయ్యేది చాలా స్వల్పం. కాబట్టి ఈ వయసులో లావు వల్ల ముప్పు పెరగకపోవడంలో ఆశ్చర్యం లేదు. ఆశ్చర్యమేమిటంటే ముప్పు తగ్గడం. 2018లో 19 అధ్యయనాల్లోని 7,58,592 మంది స్త్రీల వివరాలను కలిపి చూస్తే, 18 నుంచి 24 ఏళ్ల మధ్య బీఎంఐ 5 ఎక్కువగా ఉన్నవారికి ముట్లుడిగేలోపు రొమ్ము క్యాన్సర్ వచ్చే ముప్పు 23 శాతం తక్కువగా కనిపించింది. వయసు పెరిగేకొద్దీ ఈ రక్షణ పలచబడింది.

దీనికి కారణం ఇంకా పూర్తిగా తేలలేదు. లావుగా ఉన్న యువతుల్లో కొందరికి అండం సక్రమంగా విడుదల కాదు, నెలసరి తప్పుతుంది, అందువల్ల రొమ్ము మీద ప్రొజెస్టిరాన్ ప్రభావం తగ్గుతుందని ఒక వివరణ. చిన్నతనంలో బొద్దుగా ఉన్నవారి రొమ్ముల్లో తర్వాతి కాలంలో గ్రంథి కణజాలం సాంద్రత తక్కువగా ఉంటుందని, సాంద్రత తక్కువైతే ముప్పూ తక్కువని మరొకటి. కానీ బొద్దుగా ఉన్న ఆడపిల్లలు త్వరగా పెద్దమనిషి అవుతారు. త్వరగా పెద్దమనిషి కావడం రొమ్ము క్యాన్సర్ ముప్పును పెంచే విషయం. ఒకే బరువు ఒక చేత్తో ఇచ్చి, మరో చేత్తో లాక్కుంటోంది.

పడుచు వయసు లావును ఎవరూ రక్షణగా లెక్కపెట్టుకోవడానికి లేదు. నలభై లోపు రొమ్ము క్యాన్సర్ అరుదు. అరుదైన దానిలో పావు వంతు తగ్గినా దక్కేది కొంచెమే. మధుమేహం, రక్తపోటు, గర్భాశయ లోపలి పొర క్యాన్సర్ రూపంలో చెల్లించాల్సింది మాత్రం పెద్ద మొత్తం. పైగా ఇరవైల్లో లావుగా ఉన్నవారిలో అధిక శాతం యాభైల్లోనూ లావుగానే ఉంటారు. ఈ లెక్క భారతీయ స్త్రీలకు వర్తిస్తుందో లేదో కూడా అనుమానమే. 2008లో లాన్సెట్‌లో వచ్చిన సమీక్ష ప్రకారం ఆసియా–పసిఫిక్ ప్రాంతంలో ముట్లుడగని స్త్రీలలో సైతం లావు ముప్పును పెంచుతున్నట్టు కనిపించింది. ముంబైలోని టాటా మెమోరియల్ పరిశోధకులు 2016లో ప్రకటించిన ఫలితం ఇంకా సూటిగా ఉంది. తుంటితో పోల్చినప్పుడు నడుము ఎంత లావన్న నిష్పత్తి పెరిగినకొద్దీ, ముట్లుడిగినా ఉడగకపోయినా, కణితి ఏ గ్రాహకం రకమైనా, ముప్పు పెరిగింది.

ఎంత బరువుకు ఎంత ముప్పు?

శాతాలను చదివేటప్పుడు జాగ్రత్త కావాలి. ముట్లుడిగిన స్త్రీలలో బీఎంఐ 5 పెరిగితే ముప్పు 12 శాతం పెరుగుతుందని 2008 నాటి లాన్సెట్ సమీక్ష తేల్చింది. సుమారు 150 సెంటీమీటర్ల ఎత్తున్న స్త్రీకి బీఎంఐలో 5 అంటే 11 కిలోల పైమాట. ఉదాహరణకు 1,000 మంది స్త్రీలలో రానున్న కాలంలో 30 మందికి రొమ్ము క్యాన్సర్ వస్తుందనుకుందాం. వారందరూ 11 కిలోలు ఎక్కువ బరువుంటే ఆ సంఖ్య 33 లేదా 34 అవుతుంది. మిగతా 966 మందికి రాదు. ఒక్క స్త్రీ వైపు నుంచి చూస్తే ఇది పెద్ద మార్పు కాదు, ఆమెను భయపెట్టడం అన్యాయం. దేశం మొత్తం మీద చూస్తే మాత్రం ముగ్గురు నలుగురన్నది వేలల్లోకి వెళుతుంది. 2022లో ప్రపంచంలో సుమారు 23 లక్షల మందికి కొత్తగా రొమ్ము క్యాన్సర్ బయటపడింది, దాదాపు 6.7 లక్షల మంది చనిపోయారు. భారతదేశంలో ఆ ఏడాది కొత్త కేసులు 1.9 లక్షల పైచిలుకు.

పుట్టుకతో వచ్చిన ఒంటితీరు కన్నా, పెద్దయ్యాక పెరిగిన బరువే ఎక్కువ కీడు చేస్తుందని చెప్పడానికి అమెరికాలో 1976లో మొదలైన నర్సుల అధ్యయనం మంచి ఆధారం. 1,21,700 మంది నర్సులు అందులో చేరి, ఏళ్ల తరబడి తమ బరువు, ఆహారం, జబ్బుల వివరాలు ఉత్తరాల ద్వారా పంపుతూ వచ్చారు. ముట్లుడిగినవారి వివరాలను 2006లో విశ్లేషించారు. 18వ ఏట నుంచి 25 కిలోలు, అంతకు మించి పెరిగినవారికి, బరువులో పెద్దగా మార్పు లేనివారికన్నా ముప్పు 45 శాతం ఎక్కువ. ముట్లుడిగాక 10 కిలోలు పెరిగినా 18 శాతం ఎక్కువ. ముట్లుడిగాక 10 కిలోలు తగ్గి, ఆ తగ్గుదలను నిలుపుకుని, హార్మోన్ మాత్రలు ఎన్నడూ వాడనివారికి ముప్పు 57 శాతం తక్కువ. ఇలా తగ్గి నిలబెట్టుకున్నవారు కొద్దిమందే కనుక చివరి అంకెను ఉజ్జాయింపుగానే తీసుకోవాలి.

హార్మోన్ మాత్రల ప్రస్తావన ఊరికే రాలేదు. ముట్లుడిగిన ఇబ్బందులకు ఈస్ట్రోజెన్ మాత్రలు వాడే స్త్రీలలో లావుకూ సన్నానికీ మధ్య తేడా బాగా తగ్గిపోతుంది. బయటి నుంచి ఈస్ట్రోజెన్ వచ్చిపడుతున్నప్పుడు కొవ్వు తయారుచేసే కొంచెం లెక్కలోకి రాదు. ఈస్ట్రోజెన్ సిద్ధాంతానికి ఇది కూడా బలమే. ఫ్రాన్స్‌లోని అంతర్జాతీయ క్యాన్సర్ పరిశోధన సంస్థ 2016లో అధిక బరువు వల్ల వస్తాయని తగినంత రుజువున్న 13 క్యాన్సర్ల జాబితా ప్రకటించినప్పుడు, అందులో ముట్లుడిగాక వచ్చే రొమ్ము క్యాన్సర్‌ను మాత్రమే చేర్చింది, మొత్తం రొమ్ము క్యాన్సర్‌ను కాదు.

త్రాసు కన్నా టేపు

బీఎంఐ అంటే కిలోల్లో బరువును మీటర్లలో ఎత్తు వర్గంతో భాగించగా వచ్చే అంకె. ఎముక ఎంత, కండ ఎంత, కొవ్వు ఎంతన్నది దానికి తెలియదు. 2019లో అమెరికాలో బీఎంఐ మామూలుగానే ఉన్న, ముట్లుడిగిన 3,460 మంది స్త్రీల వివరాలను పరిశీలించారు. వారికి డెక్సా స్కానింగ్‌తో ఒంట్లోని కొవ్వు కొలిచి ఉంది. అత్యధిక కొవ్వున్న పావు వంతు మందికి, అతి తక్కువ కొవ్వున్న పావు వంతు మందికన్నా రొమ్ము క్యాన్సర్ ముప్పు 89 శాతం ఎక్కువ. ఈఆర్ పాజిటివ్ రకానికి రెట్టింపు పైనే. వీళ్లంతా త్రాసు లెక్కలో సరైన బరువున్నవారే.

భారతీయులకు ఈ సంగతి మరీ ముఖ్యం. చూడటానికి సన్నగా ఉంటూ లోపల కొవ్వు దాచుకునే ఒంటితీరు ఇక్కడ మామూలు. పుణేలో చిత్తరంజన్ యాజ్ఞిక్ పరిశోధనలు అది పుట్టిన బిడ్డలోనే మొదలవుతుందని చూపించాయి. అందుకే మన వైద్య నిపుణులు 2009లో వేరే కొలతలు నిర్ణయించారు. ప్రపంచ కొలతలో 25 దాటితే అధిక బరువు, 30 దాటితే ఊబకాయం. భారతీయులకు 23 దాటితే అధిక బరువు, 25 దాటితే ఊబకాయం. 152 సెంటీమీటర్ల ఎత్తు, 58 కిలోల బరువున్న స్త్రీకి బీఎంఐ సుమారు 25.1. మన ఇళ్లలో ఆమెను ఎవరూ లావు అనరు, కాస్త ఒళ్లు చేసిందంటారేమో. స్త్రీల నడుము చుట్టుకొలతకు పెట్టిన హద్దు 80 సెంటీమీటర్లు. చివరి పక్కటెముకకూ తుంటి ఎముక అంచుకూ నడుమన, ఊపిరి మామూలుగా వదిలాక, చర్మానికి తగిలేలా టేపు పెట్టి కొలవాలి. చీర కుచ్చిళ్ల మీంచి కొలిస్తే లెక్క తప్పుతుంది.

తెలుగు రాష్ట్రాల పరిస్థితి

2019–21లో జరిగిన ఐదో జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం 15 నుంచి 49 ఏళ్ల స్త్రీలలో బీఎంఐ 25, అంతకు మించి ఉన్నవారు దేశంలో 24 శాతం. తెలంగాణలో 30.1 శాతం, ఆంధ్రప్రదేశ్‌లో 36.3 శాతం. వీరిలో ఎక్కువమందికి ఇంకా ముట్లుడగలేదు. రేపు వారు ఈ బరువుతోనే ఆ వయసులో అడుగుపెడతారు.

రొమ్ము క్యాన్సర్ రేటులో హైదరాబాద్ దేశంలోనే ముందుంది. 2012–16 సంవత్సరాల క్యాన్సర్ రిజిస్ట్రీ నివేదికలో, వయసు తేడాలు సరిచేశాక, లక్ష మంది స్త్రీలకు ఏటా 48 కేసులతో అది చెన్నై, బెంగళూరు, ఢిల్లీలకన్నా పైన నిలిచింది. ఈ అంకెనూ ఆ బరువు అంకెలనూ పక్కపక్కన పెట్టి ఒకటి రెండోదానికి కారణమని చెప్పడం తేలికే కానీ సరికాదు. నగరాల్లో మొదటి కాన్పు ఆలస్యమవుతోంది, పిల్లలు ఒకరిద్దరికే పరిమితమయ్యారు, చనుబాలిచ్చే కాలం తగ్గింది. 2002లో ప్రకటించిన ఒక పెద్ద అంతర్జాతీయ విశ్లేషణ ప్రకారం ఒక్కో కాన్పు ముప్పును 7 శాతం, పాలిచ్చిన ప్రతి పన్నెండు నెలలు మరో 4.3 శాతం తగ్గిస్తాయి. అమ్మమ్మ ఐదుగురిని కని ఒక్కొక్కరికీ రెండేళ్లు పాలిచ్చి ఉంటే, ఆ రక్షణలో చిన్న భాగమే మనవరాలికి దక్కుతోంది. పరీక్షలు అందుబాటులోకి రావడం వల్ల కేసులు ఎక్కువగా బయటపడటం కూడా ఉంది. బరువు ఈ కారణాల్లో ఒకటి, పెద్దది కూడా కాకపోవచ్చు. కానీ అది పెరుగుతోంది, దాన్ని మార్చుకునే వీలూ ఉంది.

భారతదేశంలో ఈ జబ్బు పాశ్చాత్య దేశాలకన్నా సుమారు పదేళ్లు ముందుగా వస్తోంది. ఏ గ్రాహకమూ లేని ట్రిపుల్ నెగిటివ్ రకం ఇక్కడి కేసుల్లో పావు వంతుకు పైనే. అమెరికా, ఐరోపాలలో ఆ రకం వాటా ఇక్కడి దానిలో దాదాపు సగమే. ఈస్ట్రోజెన్ మీద ఆధారపడని ఈ రకానికి పైన చెప్పిన ఆరోమటేజ్ వివరణ అతకదు. కాబట్టి బరువు వల్ల వచ్చే కేసుల వాటా ఇక్కడ అక్కడికన్నా తక్కువే కావచ్చు. అయితే అమెరికా, బ్రిటన్‌లలో స్థిరపడిన భారతీయ స్త్రీలలో రొమ్ము క్యాన్సర్ రేటు స్వదేశంలో ఉన్నవారికన్నా ఎక్కువ, అక్కడి తెల్లజాతి స్త్రీలకన్నా తక్కువ. జన్యువులు అవే, మారింది బతుకు తీరు. అక్కడికి వెళ్లి స్థిరపడిన తెలుగు కుటుంబాలకు కూడా ఇది వర్తిస్తుంది.

తెలుగు నేలకు సంబంధించిన ఇంకో సంగతి. గర్భసంచి తీయించుకున్న స్త్రీల శాతం దేశంలోకెల్లా ఎక్కువగా ఉన్నది ఈ రెండు రాష్ట్రాల్లోనే. అండాశయాలను ఉంచి గర్భసంచి మాత్రమే తీస్తే ముట్లు ఆగిపోతాయి కానీ ఈస్ట్రోజెన్ వస్తూనే ఉంటుంది. కాబట్టి అలాంటి స్త్రీని హార్మోన్ల లెక్కలో ముట్లుడిగినట్టుగా పరిగణించకూడదు. అండాశయాలు కూడా తీసేస్తే రొమ్ము క్యాన్సర్ ముప్పు తగ్గుతుంది. కానీ ఎముకలు, గుండె అందుకు ధర చెల్లిస్తాయి. ఆపరేషన్ చీటీలో ఏం తీశారో రాసి ఉంటుంది. దాన్ని పారేయకుండా దాచుకోవాలి.

జబ్బు బయటపడ్డాక

బరువు ప్రభావం జబ్బు రావడంతో ఆగిపోదు. 82 అధ్యయనాల్లోని 2 లక్షల పైచిలుకు రోగుల వివరాలను 2014లో సమీక్షిస్తే, రొమ్ము క్యాన్సర్ నిర్ధారణ నాటికి ఊబకాయం ఉన్నవారికి మామూలు బరువున్నవారికన్నా ఏ కారణంతోనైనా చనిపోయే ముప్పు 41 శాతం, రొమ్ము క్యాన్సర్‌తోనే చనిపోయే ముప్పు 35 శాతం ఎక్కువని తేలింది. ఇక్కడ ముట్లుడగని వయసులో లావు రక్షణ అన్న మాట లేదు. ముట్లుడగని, ఊబకాయం ఉన్న రోగుల్లో మొత్తం మరణాల ముప్పు 75 శాతం ఎక్కువ. రాకుండా ఆపుతుందేమో అనుకున్న లావు, వచ్చాక మేలు చేయదు.

ఈ తేడాకు కారణాలు చాలానే ఉన్నాయి. పెద్ద రొమ్ములో చిన్న గడ్డ చేతికి త్వరగా తగలదు. మధుమేహం, గుండెజబ్బు చికిత్సకు అడ్డొస్తాయి. చంకలో గ్రంథులు తీశాక చేయి వాచే బాధ లావుగా ఉన్నవారికి ఎక్కువ. వైద్యుల వైపు నుంచి కూడా ఒక పొరపాటు చాలాకాలం జరిగింది. ఒంటి కొలతను బట్టి కీమోథెరపీ మందు లెక్కవేస్తే లావైన రోగికి పెద్ద మోతాదు వస్తుంది. అది ఎక్కువైపోతుందేమోనన్న భయంతో తగ్గించి ఇచ్చేవారు. అలా తగ్గించకూడదని, అసలు బరువును బట్టే పూర్తి మోతాదు ఇవ్వాలని అమెరికా క్యాన్సర్ వైద్యుల సంఘం 2012లో మార్గదర్శకాలు ఇచ్చింది.

చికిత్స కాలంలో బరువు పెరగడం కూడా మామూలే. నీరసంతో కదలిక తగ్గుతుంది, వాంతులు ఆపే స్టెరాయిడ్లు ఆకలి పెంచుతాయి, కీమో వల్ల అండాశయాలు అర్ధాంతరంగా ఆగిపోతాయి. కండ కరిగి కొవ్వు చేరుతుంది. ఇంట్లోవాళ్లు బలం రావాలని నెయ్యి, బాదం పాలు, తీపి జావలు పట్టుకొచ్చి బతిమాలి తాగిస్తారు. ప్రేమతో చేసే పనే, కానీ రొమ్ము క్యాన్సర్ రోగుల్లో చాలామందికి కావలసింది అదనపు కేలరీలు కాదు, చాలినంత ప్రోటీన్, రోజూ కొంత నడక. జబ్బు ఇతర అవయవాలకు పాకి, రోగి తనంతట తానే చిక్కిపోతున్నప్పుడు మాత్రం సంగతి పూర్తిగా వేరు. అప్పుడు బరువు తగ్గడం ప్రమాద సూచన, తిండి తగ్గించే మాటే ఎత్తకూడదు.

తగ్గితే ఫలితం ఉందా?

ముట్లుడిగిన 61,335 మంది అమెరికన్ స్త్రీల బరువును మూడేళ్ల తేడాతో రెండుసార్లు కొలిచి, తర్వాత పదేళ్లకు పైగా గమనించిన అధ్యయనం 2019లో వెలువడింది. బరువులో 5 శాతం, అంతకు మించి తగ్గినవారికి ముప్పు 12 శాతం తక్కువ. 15 శాతం, అంతకు మించి తగ్గినవారికి 37 శాతం తక్కువ. 70 కిలోల స్త్రీకి 5 శాతం అంటే మూడున్నర కిలోలు, అందనంత దూరంలో లేదు. బరువు తగ్గించే బేరియాట్రిక్ ఆపరేషన్ చేయించుకున్నవారిలోనూ రొమ్ము క్యాన్సర్ తక్కువగా కనిపించింది. ఇవన్నీ గమనించి రాసుకున్న ఫలితాలు. బరువు తగ్గించుకునేవారు నడక, తిండి, పరీక్షల విషయంలో కూడా ఇతరులకన్నా జాగ్రత్తగా ఉంటారు కనుక మొత్తం మేలు బరువుదేనని ఖాయంగా చెప్పలేము.

చీటీలు వేసినట్టు స్త్రీలను రెండు జట్లుగా విడదీసి చేసిన పరీక్షలు తక్కువ. అమెరికాలో 48,835 మందితో చేసిన పరీక్షలో ఒక జట్టు ఆహారంలో కొవ్వు తగ్గించారు. 2006లో వచ్చిన ఫలితంలో రొమ్ము క్యాన్సర్ ఆ జట్టులో 9 శాతం తక్కువే కానీ, అది కాకతాళీయం కాదని చెప్పేటంత బలం లేకపోయింది. చికిత్స పొందిన 3,136 మంది అధిక బరువు స్త్రీలతో అమెరికా, కెనడాలలో మొదలైన మరో పరీక్షలో, ఫోనులో సలహాలు అందుకున్న జట్టు ఏడాదిలో సగటున 4.8 శాతం బరువు తగ్గింది. రెండో జట్టు 0.9 శాతం పెరిగింది. చికిత్సతో అలిసిపోయినవారు కూడా బరువు తగ్గించుకోగలరని దీనితో రుజువైంది.

వ్యాయామం బరువు తగ్గించకపోయినా రొమ్ము క్యాన్సర్ ముప్పును కొంత తగ్గిస్తుంది. మద్యం, కొద్దిగా తాగినా, పెంచుతుంది. ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్పిన వారానికి 150 నిమిషాల వ్యాయామం అంటే వారంలో ఐదు రోజులు అరగంట చొప్పున చురుకైన నడక.

బరువు ముప్పును అంచనా వేసే ఒక కొలతే కానీ జబ్బును పట్టే పరీక్ష కాదు. సన్నని స్త్రీలకూ రొమ్ము క్యాన్సర్ వస్తుంది, లావుగా ఉన్నవారిలో అత్యధికులకు రాదు. మన దేశంలో ప్రభుత్వ కార్యక్రమం కింద 30 ఏళ్లు దాటిన స్త్రీలకు ఐదేళ్లకోసారి శిక్షణ పొందిన ఆరోగ్య సిబ్బంది చేత్తో రొమ్ము పరీక్ష చేస్తారు. ఆ పరీక్షకు వెళ్లాలి. రొమ్ములో గానీ చంకలో గానీ కొత్తగా గడ్డ తగిలినా, చర్మం సొట్టపడినా, చనుమొన లోపలికి పోయినా, దాని నుంచి రక్తం కారినా, ఆ స్త్రీ బరువు 45 కిలోలైనా 90 కిలోలైనా, నొప్పి లేదు కదా అని ఆగకుండా డాక్టరుకు చూపించుకోవాలి.